మే నెలలో బిగించిన కేబుల్

మణుగూరు వైపు అడవిలోకి వెళ్ళే దారిలో ఒక మలుపు ఉంది. అక్కడికి వచ్చేసరికి నేను ఇప్పటికీ బండి మీద తల వంచుతాను. పైన కేబుల్ ఇప్పుడు సరిగ్గానే ఉంది. అయినా మెడ దానంతటదే వంగుతుంది.

స్తంభాల మీద ఫైబర్ కేబుల్ వేయించడం నా పని. నేను సూపర్‌వైజర్ని. ఎంత దూరానికి కేబుల్ ఎంత వేలాడాలో, ఎంత ఎండకు ఎంత బిగువు ఉండాలో చెప్పే చార్టు నా సంచిలో ఉండేది. మా లైన్‌మన్ నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆయనకు చార్టు అక్కర్లేదు. స్తంభమెక్కి అరచేత్తో కేబుల్‌ని ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఆ కదలిక అవతలి స్తంభం దాకా పోయి తిరిగొచ్చేలోపు మనసులో అంకెలు లెక్కపెట్టేవాడు. త్వరగా తిరిగొస్తే బిగువు ఎక్కువైనట్టు. తర్వాత నేను కొలిచి చూస్తే ఆయన చెప్పిందే వచ్చేది. అది నాకు కడుపుమంటగా ఉండేది.

ఆ మలుపు దగ్గర ఒక స్తంభం పాతడానికి వీల్లేకపోయింది. అటు ఫారెస్టు భూమి, గుంత తవ్వడానికి అనుమతి రాలేదు. రెండు స్తంభాల మధ్య దూరం పెరిగి కేబుల్ రోడ్డు మీదికి వేలాడింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఆ దారిలోని ఊరి పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు.

"గడ్డి ట్రాక్టర్లు గీడికెల్లే వోతయ్ సార్. జర పైకి గుంజుండ్రి."

పొడుగు స్తంభాలు తెప్పించాలంటే వారం ఆగాలి. మరునాడే తనిఖీ. బిగించమన్నాను. లైన్‌మన్ ఒకసారి కొట్టి చూసి కిందికి దిగొచ్చాడు.

"వద్దు సార్. ఇప్పుడంటే ఎండకు సాగి ఉన్నది. చలికాలం గుంజుకుంటది, క్లాంపు ఆగది."

"నీ చేతి లెక్కలు బంద్ వెట్టన్నా. చెప్పినంత గుంజు."

పదిమంది ముందు అన్నాను. ఆయన మళ్ళీ ఎక్కి బిగించాడు. కేబుల్ గీత గీసినట్టు నిలబడింది. ఊరివాళ్ళు మెచ్చుకున్నారు. నేను మురిసిపోయి ఫొటో కూడా తీసుకున్నాను.

డిసెంబరులో, చలి బాగా ముదిరిన ఒక పొద్దున, ఆ ఊళ్ళో నెట్ పోయిందని ఫోనొచ్చింది. నేను దుప్పట్లోంచే ఆయనకు ఫోన్ చేసి, చూసి రమ్మన్నాను. కేబుల్‌ని స్తంభానికి పట్టి ఉంచే క్లాంపు జారి, అది రోడ్డుకు అడ్డంగా దిగి ఉంది. పొగమంచులో ఆయనకు కనిపించలేదు. బండి మీద వెళ్తుంటే గొంతుకు తగిలింది.

ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. ఇప్పుడు వెనక వరుసలో కూర్చుంటున్నాడని ఎవరో చెప్పారు.

ఆయన ఇంకా దవాఖానాలో ఉండగానే ఆఫీసులో విచారణ జరిగింది. బిగువు ఎవరు చూశారని అడిగారు. "ఆయన చేత్తోనే చూస్తాడు సార్, చార్టు ముట్టడు," అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదీ నా తెలివి. తప్పు ఆయనదని రాసుకున్నారు. ఉద్యోగంలోంచి తీసేశారు.

నెల తర్వాత జూలూరుపాడులో వాళ్ళింటికి వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. ఆయన మెడకు కండువా చుట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆయన భార్య గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఇరవై ఏండ్ల సంది ఆయన లెక్క తప్పలే సార్. గా దినం ఎట్ల తప్పింది? మీరు ఆడనే ఉన్నరట గదా?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. నాకు భయమేసింది.

"ఎండ వదినా. గంత ఎండల ఎవ్వరికైనా తప్పుతది," అన్నాను.

ఆమె ఆయన వైపు తిరిగింది. "అవ్‌నా?"

ఆయన కాసేపు నన్నే చూసి, అవునన్నట్టు తల ఊపాడు. తర్వాత నాకు టీ పెట్టమని ఆమెకు సైగ చేశాడు. నేను కూర్చుని ఆ టీ తాగి వచ్చాను.