మిగిలిన నీళ్ళు ఎవరివి

మా ఊరికి ఏ పథకం వచ్చినా ముందు కుర్చీలు వస్తాయి. పంచాయతీ ఆఫీసు ముందు ప్లాస్టిక్ కుర్చీలు దించుతున్నారంటే, మా దగ్గర ఉన్నదేదో పట్టుకుపోవడానికి ఎవరో వస్తున్నారని నేను లెక్కవేసుకుంటాను. ఇంటింటికీ గోబర్ గ్యాస్ గుంటలు తవ్వించినప్పుడు ఇలాగే వచ్చాయి. తర్వాత చేపల చెరువులు తవ్వుకోమన్నారు. మేత బీళ్ళు చెరువులయ్యాయి, గేదెల్ని అమ్మేశాం, ఆ గ్యాస్ గుంటల్లో ఇప్పుడు కొబ్బరి డొక్కలు పోసుకుంటున్నాం. కొల్లేట్లో సొసైటీ చెరువులన్నప్పుడూ వచ్చాయి. మా చేత వేలిముద్రలు వేయించారు, చేపలు మాత్రం లీజుదారు పట్టుకుపోయాడు. ఆఖరికి పక్షుల కోసమని ఆ గట్లు పేల్చడానికి వచ్చినవాళ్ళకి కూడా కుర్చీలు మేమే వేశాం.

ఈసారి కుర్చీలతో వచ్చింది కర్బనం తగ్గించే ఊరి ప్రణాళిక.

ఏలూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వ్యవసాయం చదువుకుంది, నెమ్మదిగా మాట్లాడింది, పెద్దవాళ్ళని చూసి లేచి నిలబడింది. సోలార్ పలకలు, గడ్డి తగలబెట్టకపోవడం, ఇవన్నీ చెప్పి చివరికి వరి దగ్గరికి వచ్చింది. చేలో ఎప్పుడూ నీళ్ళు నిలవగడితే అడుగున బురద కుళ్ళి మీథేన్ పుడుతుందట, అది పైకి పోయి భూమిని వేడెక్కిస్తుందట. అందుకని దాళ్వాలో, అంటే రెండో పంటకి, చేను కొన్నాళ్ళు ఆరబెట్టి మళ్ళీ తడిపితే వాయువు తగ్గుతుంది, నీళ్ళూ మిగులుతాయి అంది.

వాయువు మాట నేను నమ్మాను. చిన్నప్పుడు కొల్లేట్లో మా మావయ్య దోనె మీద తిప్పుతూ గడతో బురదని పొడిచేవాడు. బుడబుడమని బుడగలు లేచేవి. ఒకసారి వాటి మీద అగ్గిపుల్ల గీసి నీలంగా భగ్గుమన్న మంట చూపించాడు. తర్వాత నేను తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే రోజుల్లో, చిత్తుకాగితాల కొట్టు ముందు కూర్చుని చేతికి దొరికిన పేపరల్లా చదివేవాణ్ణి. నా చదువంతా అక్కడే. ఆ మంట పేరేమిటో అందులోనే దొరికింది. కాబట్టి నా అనుమానం వాయువు మీద కాదు, మనుషుల మీద.

నాది శివారు భూమి. చేలకి నీరిచ్చే పంట బోదె చిట్టచివర ఎకరంన్నర. పెంటపాడు వైపు నుంచి దిగివచ్చే నీళ్ళు అందరి చేలూ నిండాక మిగిలితే నా దగ్గరికి వస్తాయి. అందుకే మా శివారు రైతులు నీళ్ళు వచ్చినప్పుడు గట్టు పొర్లేదాకా పెట్టుకుంటారు. మళ్ళీ వంతు వస్తుందో రాదో. చేతిలో ఉన్న నీటిని మురుగు కాలువలోకి వదిలెయ్యమంటే, అన్నం కంచం అవతల పెట్టమన్నట్టే ఉంటుంది.

నేను లేచి అడిగాను. "చేనారబెడితే నీళ్ళు మిగులుతాయన్నావు కదమ్మా. మిగిలినవి ఎటు పోతాయి?"

"కాలవలోనే ఉంటాయండి బాబాయిగారూ."

"కాలవలో నీళ్ళు ఉండవమ్మా, పోతాయి. ఎటు పోతాయని అడుగుతున్నాను."

నీటి సంఘం అధ్యక్షుడు నవ్వాడు. "బాబాయిగారికి కాలవ మీద కూడా అనుమానమేనండి. పోనీ, ఈసారి వంతు శివారు నుంచే మొదలెడదాం. సరేనాండీ?"

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను. మొదటి వరసలో చేపల చెరువు యజమాని ఉన్నాడు. మా బోదె పక్కనే, దాని మొదలు నుంచి శివారు దాకా పొడుగ్గా ఉన్న చెరువు అతనిది. టీ తాగుతూ కూర్చున్నాడు. నేల మీద రంగుపిండితో గీసిన ఊరి పటంలో ఆ చెరువుకి నీలం రంగు వేసి, జలవనరు అని రాశారు. చెరువు మీద తిరిగే డీజిల్ ఇంజన్లని ఎవరూ గీయలేదు.

ఇంటికి వెళుతుంటే పక్క చేను టీచరమ్మగారు కలిసి నడిచారు. మిషన్ బడిలో చెప్పి రిటైరయ్యి, వ్యవసాయం సొంతంగా చేయిస్తున్నారు.

"ఒక్కసారి నమ్మి చూద్దురూ అన్నయ్యగారూ. నమ్మితే అరిగిపోతారా ఏమిటి?"

"అరిగిపోయేది నేను కాదండి, చేను."

అయినా ఆరబెట్టాను. ఆవిడ ఆరబెట్టి నేను పెట్టకపోతే ఆవిడ చేత మాటలు పడాలి. చేలో బెజ్జాల గొట్టం ఒకటి పాతారు. అందులో నీరు జానెడు కిందికి దిగేదాకా చేను తడపక్కర్లేదట. రోజూ పొద్దున్నే కొబ్బరి ఈనె దింపి చూసేవాణ్ణి. పైన బురద గట్టిపడింది, కింద మాత్రం తడి ఉంది. పైరు వాడలేదు. పిలకలు బాగా కట్టింది.

"బాగుందని ఒక్క మాట అనరే?" అన్నారు టీచరమ్మగారు.

"కోత కోశాక అంటానండి."

పైరు పొట్టకి వచ్చింది. ఇక ఆరకూడదు, ఇప్పుడు నీళ్ళు తప్పనిసరి అని ఆ అమ్మాయే చెప్పింది. అధ్యక్షుడన్నట్టే వంతు మా శివారు నుంచి మొదలైంది. పొద్దున్న గట్టు మీదికి వెళితే బోదె అడుగున తడి తప్ప నీరు లేదు. చేలో నెరలు విచ్చాయి. పొట్టలో ఉన్న పైరుకి నీళ్ళందకపోతే గింజ పట్టక వెన్ను తాలుపోతుంది, ఏడాది తిండి పోయినట్టే.

పై రైతులు తమ చేలలోకి మడవలు తెరిచేసుకున్నారని ఖాయం చేసుకుని బోదె వెంట ఎదురు నడిచాను. ఒక్కొక్క మడవా చూశాను. అన్నీ మట్టితో మూసే ఉన్నాయి. ఒకాయన నన్ను చూసి, "కావాలంటే చెయ్యి పెట్టి చూసుకోండి బాబాయిగారూ" అన్నాడు ఎకసెక్కంగా. నేను చెయ్యి పెట్టి చూశాను. గట్టిగానే ఉంది.

ఇంకా పైకి వెళ్ళేసరికి ఇంజను చప్పుడు వినిపించింది. బోదె మొదట్లో లావుపాటి గొట్టం నీళ్ళలోకి దిగి ఉంది. చెరువు యజమాని పాకలోంచి లేచి నిలబడ్డాడు.

"రండి బాబాయిగారూ, కూర్చోండి. బొండం కొట్టించమంటారా?"

"ముందు ఇంజను ఆపించండి."

"అదేంటండీ. ఆవేళ మీటింగులో చెప్పారు కదా, చేలకి ఇన్ని నీళ్ళు అక్కర్లేదని. మిగిలిన నీళ్ళేనండి ఇవి. ఊరికే మురుక్కాలవలో కలిసిపోతాయని తోడుకుంటున్నాను."

అతను నటించడం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది అందుకే. దొంగతనమైతే తిట్టొచ్చు. ఇతను మర్యాదగా, అండీ అండీ అంటూ నా చేను తాగేస్తున్నాడు. పొగ తగ్గించడానికి మేం చేలు ఎండగట్టుకుంటే, ఆ నీటినే డీజిల్ తగలేసి తోడుతున్నాడు.

ఆ సాయంత్రమే బోదె గట్టు మీద అందరం చేరాం. ఏలూరు అమ్మాయి కూడా స్కూటీ మీద వచ్చింది. నా చేలో నెరలు చూసి ముఖం చిన్నబుచ్చుకుంది.

"ప్రణాళికలో చెరువుల మాట లేదండి," అన్నాడు అధ్యక్షుడు.

"చెరువు మీకు నీలంరంగు లాగా కనిపించింది కాబట్టి లేదు," అన్నాను.

చెరువు యజమాని మెత్తగానే అన్నాడు. "నా చేపలూ బతకాలి కదండీ. ఎండలు ముదిరాయి, చెరువు తగ్గిపోతోంది."

టీచరమ్మగారు బడిలో పిల్లల్ని చూసినట్టు అతన్ని చూశారు. "మీ చెరువు మా చేల దాకా ఉంది కదా బాబూ. ఆ ఇంజనేదో ఇక్కడ, శివారు అవతల పెట్టుకోండి. మా చేలు దాటి వచ్చినవే మిగిలిన నీళ్ళు. అవి తోడుకోండి, ఎవరూ కాదనరు."

"అంత దూరం నీళ్ళు వస్తాయాండీ?"

"రావు కదా. అదే మేమూ అనుకునేది ఇన్నేళ్ళూ," అన్నాను.

అతను అధ్యక్షుడి వైపు చూశాడు. నేను పై రైతుల వైపు తిరిగి, ఇంజను శివారుకి దిగకపోతే రేపటి నుంచి అందరం మడవలు తీసి గట్టు పొర్లేదాకా నింపుకుందాం, ఆరబెట్టడం మానేద్దాం, అప్పుడు మిగిలిన నీళ్ళన్న మాటే ఉండదు అన్నాను. వాళ్ళు నాకోసం కాదు, రేపు తమ వంతుకీ ఆ గొట్టం అక్కడే ఉంటుందని తెలిసి తలూపారు. ఏలూరు అమ్మాయి, "ఈ ఊళ్ళో ఇది తేలకుండా చేలు ఆరబెట్టమని నేనూ చెప్పలేనండి" అంది. ఆ ఒక్క మాటకి ఆమె మీద నాకు కొంచెం గురి కుదిరింది. కొంచెమే.

మర్నాడు ట్రాక్టరు మీద ఇంజను శివారుకి వచ్చింది. అతని మనుషులే పారలు పట్టుకుని బోదె పొడుగునా గుర్రపుడెక్క లాగి గట్టు మీద పడేశారు. అంత శ్రద్ధగా ఆ బోదెని ఎవరైనా బాగుచేయడం నేను చూడలేదు. నీళ్ళు వచ్చాయి. నెరల్లోకి గుటకలు వేసినట్టు దిగాయి.

చెరువు యజమాని నా గట్టు మీదికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"నిండిందాండీ బాబాయిగారూ?"

"ఇంకా లేదండి."

కాసేపాగి మళ్ళీ అడిగాడు. ఆ మూల ఇంకా పొడిగానే ఉందని చూపించాను. టీచరమ్మగారు తన గట్టు మీంచి, "అన్నయ్యగారూ, పాపం ఇంటికెళ్ళి భోజనం చేసి రమ్మనండి" అన్నారు.

నేను కాదనలేదు. అతను మాత్రం వెళ్ళలేదు. అతను అటు వెళితే, నిండిన చేలోంచి నీళ్ళు నేను మురుక్కాలవలోకి వదిలేస్తానేమోనని అతనికి అనుమానం. నాకూ అతని మీద అంతే. ఇద్దరం చెరో చివర కూర్చుని, నీళ్ళు ఆ మూలకి చేరేదాకా చూస్తూ ఉన్నాం.