చూసినంత వరకే

మొన్న మా బంధువుల పెళ్ళిలో, గుమ్మం దగ్గర నిలబడిన ఒక యువకుడు వచ్చినవారందరి ముంజేతి మీద అత్తరు రాస్తున్నాడు. నా వంతు వచ్చినప్పుడు చేయి చాచాను. అతడు రాశాడు, నేను ముక్కు దగ్గరకు తీసుకున్నాను. పక్కనున్న మా మరదలు "ఎంత బాగుంది గదా వదినా వాసన" అన్నది. నేను వెంటనే ఔననలేదు. కళ్ళు మూసుకుని, ఊపిరి నిదానంగా లోపలికి పీల్చి, తగులుతున్నది వాసనా లేక మా మరదలి మాటా అని ఒక్క క్షణం పరీక్షించుకున్నాను. వాసనే. మల్లె కాదు, వట్టివేరు. అప్పుడు మాత్రమే ఔనన్నాను. ఇది మా ఇంట్లో అందరికీ చాదస్తంగా తోస్తుంది. తోచనివ్వండి. ఈ అలవాటు నాకు చేసినవారు సుగుణమ్మ టీచరు. ఆమెను చూడని వాళ్ళకు ఆమె ఎటువంటి మనిషో చెప్పవలసిన బాధ్యత నా మీద ఉన్నదని చాలాకాలంగా అనుకుంటున్నాను.

రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన రోజులవి. హైదరాబాదు పాతబస్తీలోని ఒక ఆడపిల్లల బడిలో, టీచర్లు కాదలచుకున్న వాళ్ళ కోసం ఒక శిక్షణ తరగతి నడిచేది. హుస్సేనీ ఆలంలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే ఇంట్లో పుట్టిన నేను ఆ తరగతిలో చేరడం మా గల్లీకి పెద్ద వింత. బడివాళ్ళు పంపే పరదా కట్టిన ఎద్దుబండి గల్లీ మొగదలలో ఆగితే, ఎక్కేది ఎవరో చూడడానికి తలుపులన్నీ తెరుచుకునేవి. సుగుణమ్మ టీచరు మాకు మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. రైల్వే కార్ఖానాలో పనిచేసే ఒక క్రైస్తవ కుటుంబం ఆమెది. పొట్టి మనిషి, ఇస్త్రీ చెదరని తెల్లచీర, నొసటి మీద ఎప్పుడూ ఒక ముడుత. పుస్తకం ఉర్దూలో ఉండేది. పాఠం ఉర్దూలో ముగించి, మా ముఖాలు చూసి, మళ్ళీ తెలుగులో మొదలుపెట్టేవారు. బల్లలు వరుస తప్పితే సహించేవారు కారు. క్రమాన్ని ప్రేమించే స్వభావం నాకు పుట్టుకతోనే ఉన్నది గనుక, మొదట్లో నేను ఆమెను గౌరవించింది ఆ బల్లల వరుస చూసే. ఆమె అసలు క్రమం బల్లలలో లేదని తెలియడానికి ఎక్కువకాలం పట్టలేదు.

ఒకరోజు ఆమె చిన్న అత్తరుబుడ్డితో తరగతిలోకి వచ్చారు. "చార్మినార్ కాడికి కొత్తగ వచ్చిన అత్తరట ఇది. దూది మీద పోస్త. వాసన అందినోళ్ళు అందినట్టు చెయ్యెత్తున్రి. లొల్లి చెయ్యొద్దు" అన్నారు. దూదిని తడిపి గాలిలో నెమ్మదిగా ఆడించారు. మొదటి బల్ల వాళ్ళు చేతులెత్తారు. కాసేపటికి రెండో బల్ల, ఆ వెనుక మూడోది. మలక్‌పేట నుంచి వచ్చే ఒకామె "మొగలిపువ్వు టీచరమ్మా, మస్తుగుంది" అన్నది. నాకూ మొగలిపువ్వే తెలిసింది, నేనూ ఎత్తాను. చివరి బల్ల మీద కూర్చున్న లక్ష్మి మాత్రం ఎత్తలేదు. ఆమెది ధూల్‌పేట్; వాళ్ళింట్లో మట్టితో దేవుడి బొమ్మలు చేస్తారు.

"ఏంది లక్ష్మీ, నీకు అందలేదా?" అన్నారు టీచరు.

"నాకేం వస్తలేదు టీచరమ్మా. పడిశం గిట్ల గూడ లేదు."

"దాని ముక్కుల గూడ మట్టే ఉన్నదేమో" అని ఎవరో అన్నారు. తరగతి అంతా నవ్వింది. టీచరు నవ్వలేదు. బుడ్డిని మొదటి బల్ల వాళ్ళకు ఇచ్చి, నాలుక మీద ఒక చుక్క వేసుకోమన్నారు. అది బడి బావిలోని నీళ్ళు. ఎవరమూ తల ఎత్తలేకపోయాం. ఆమె మాత్రం మమ్మల్ని కోప్పడలేదు. "మీరు అబద్ధమాడలే. మీకు నిజంగనే వాసనొచ్చింది. గదే నేను చెప్పేది. మనసు కండ్లకు, ముక్కుకు నౌకరు గాదు బిడ్డా. అది ముందుగాల్నే ఒకటి అనుకుంటది, అనుకున్నదాన్ని తెచ్చి మన ముందట పెడ్తది. చూసిందేదో, అనుకున్నదేదో ఏరుకోవడం మన పని. బియ్యంల రాళ్ళేరినట్టు ఏరాలె" అన్నారు.

ఈ ఏరడాన్ని ఆమె మాకు మాత్రమే చెప్పి ఊరుకోలేదు. కొన్ని నెలల తరువాత తనిఖీకి వచ్చిన ఒక అధికారిణి లక్ష్మిని నిలబెట్టి గబగబా ఉర్దూలో ఏదో అడిగింది. లక్ష్మి నోరు తెరవలేదు. అధికారిణి కలం తీసి, "యే లడ్కీ కుంద్ జెహన్ హై" అంటూ రాయబోయింది. మందబుద్ధి అని ఒకసారి రాస్తే లక్ష్మికి ఆ తరగతిలో చోటు ఉండదు. సుగుణమ్మ టీచరు బల్ల దగ్గరకు వచ్చి, "మేడం, ఆప్‌నే ఖామోషీ దేఖీ హై, అకల్ నహీ దేఖీ. ఖామోషీ లిఖియే" అన్నారు. మీరు చూసింది ఆమె మౌనాన్ని, బుద్ధిని కాదు. మౌనం అనే రాయండి అని దాని అర్థం. అధికారిణి ముఖం ఎర్రబడింది. "మీరు నాకు నేర్పుతారా?" అన్నది. "నేర్పడమే నా నౌకరీ మేడం" అన్నారు టీచరు. లక్ష్మి పేరు చెరగలేదు. టీచరుకు రావలసిన పెద్ద పదవి మాత్రం ఆ ఏడు మరొకరికి పోయింది. లక్ష్మి తరువాత గొప్ప పండితురాలేమీ కాలేదు. ఒక మామూలు బడిలో మామూలు టీచరయింది. దానికోసం ఒక మనిషి తన పదవి పోగొట్టుకోవడం సబబేనా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. సబబే.

ఆ చలికాలంలోనే మా ఇంటికి కష్టం వచ్చింది. మా కొట్టంలో పేడ తీసే యాదగిరి అనే జీతగాడు చూలుతో ఉన్న బర్రెను కర్రతో కొట్టాడని, మా బాపు నలుగురి ముందు అతని చెంప పగలగొట్టి పనిలోంచి తీసేశాడు. "నీ కొట్టం ఎట్ల నిలబడ్తదో నేను గూడ జూస్త" అని యాదగిరి గల్లీ అంతా వినేలా అరిచి వెళ్ళాడు. కొద్దిరోజులకు, పాలు పితికే వేళ, ఇంకా మసక వీడకముందే కొట్టం వెనుక గడ్డివాము అంటుకున్నది. పొగలో మా అమ్మ "యాదగిరిగాడు! యాదగిరిగాడు ఉర్కుతుండు!" అని కేక పెట్టింది. నేను పాలచెంబుతో మెట్ల మీద ఉన్నాను. గొంగడి కప్పుకున్న మనిషి ఒకడు గల్లీ మలుపు వైపు పరుగెత్తడం నా కళ్ళారా చూశాను. మంట కొట్టానికి పాకి, పలుపులు కోసేలోపల చూలు బర్రె కాలిపోయింది. దాని అరుపు గురించి నేను రాయను. సూర్యుడు పైకి వచ్చేసరికి యాదగిరిని పోలీసు నాకాలో పెట్టారు. అందరి చూపూ నా మీదకు తిరిగింది. గల్లీలో మా అంత పాలు పోసే సత్తన్న, "చదువుకున్న పోరి చెప్తే అదాలత్ నమ్ముతది. అనసూయ ఒక్క మాటంటే వాడు జైల్ల పడ్తడు" అన్నాడు. మరునాడు అమీన్ సాహెబు, అంటే ఆ ప్రాంతపు పోలీసు అధికారి, సాయంత్రం ఇంటికే వచ్చి నా వాంగ్మూలం తీసుకుంటాడని నిర్ణయమైంది.

ఆ మరునాడు కూడా నేను బడికి వెళ్ళాను. సుగుణమ్మ టీచరుకు జరిగిందంతా చెప్పాను. చెబుతున్నప్పుడు నాకు కోపం పొంగుకొస్తున్నది, ఆ కోపం న్యాయమైనదని నాకు అనుమానం లేదు. "నా కండ్లతో చూసిన టీచరమ్మా. వాని మొఖం ఇప్పటికి గూడ నా కండ్ల ముందే ఉన్నది" అన్నాను.

"కండ్లు మూసుకో. మొదటికెల్లి చెప్పు. వాడు నీ దిక్కు వస్తుండెనా, పోతుండెనా?"

"పోతుండె."

"అంటే వీపు."

"మలుపు కాడ తిరిగిండు."

"నెత్తి మీద ఏమున్నది?"

"గొంగడి."

"మొఖం మీదికి గూడ ఉండెనా?"

నా కళ్ళ ముందు యాదగిరి ముఖం స్పష్టంగా ఉన్నది. కాని ఆ ముఖం మీద పొగ లేదు, గొంగడి లేదు. అది మా బాపు చెంప మీద కొట్టిన రోజున నేను చూసిన ముఖం.

"మీ అమ్మ కేక ముందా, నీ చూపు ముందా?" అన్నారు టీచరు.

"కేకనే ముందు."

"అయితే వాడు చెయ్యలేదంటారా?" అన్నాను.

"నేనెక్కడన్న? వాడే చేసి ఉండొచ్చు. చేసిండనే అనిపిస్తది నాకు గూడ. గని నాకు తెల్వదు, నీకు తెల్వదు."

"బాపుకు ఏం చెప్పాలె టీచరమ్మా? బర్రె పోయింది. మనిషి రెండు దినాల సంది బువ్వ తింటలేడు."

"అది నీ ఇంటి లొల్లి బిడ్డా. దానికి నా పుస్తకంల జవాబు లేదు" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు కఠినంగా తోచింది. నేను ఏమి చెప్పాలో ఆమె చెప్పలేదు. ఆజ్ఞ ఇచ్చి ఉంటే నాకు సులభమయ్యేది. అందుకే ఇవ్వలేదని ఇప్పుడు తెలుసు.

సాయంత్రం మా వాకిట్లో కుర్చీ వేశారు. అమీన్ సాహెబు కూర్చున్నాడు, పక్కన రాసుకునే మున్షీ. యాదగిరిని చేతులు కట్టి తెచ్చారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. గల్లీ అంతా గోడల మీద ఉన్నది. నేను తలుపు చాటున అమ్మ పక్కన నిలబడ్డాను.

"బోలో బేటీ, డరో మత్. యాదగిరీ థా నా?" అన్నాడు అమీన్. భయపడకుండా చెప్పు, యాదగిరే గదా అని.

"గొంగడి కప్పుకున్న మనిషిని చూసిన సాబ్. మొఖం చూడలే."

బాపు గిర్రున తిరిగాడు. "ఏందే? నిన్న వాడే అన్నవు గదా!"

"నిన్న అమ్మ కేక చెప్పిన బాపూ. ఇయ్యాల నా కండ్లు చూసింది చెప్తున్న."

"చదువు నెత్తికెక్కింది" అన్నాడు సత్తన్న గోడ మీదినుంచి. "బర్రెకంటె జీతగాడు ఎక్కువైండా నీకు?"

అమీన్ చేయెత్తి అతన్ని ఆపాడు. "తో యే ఆద్మీ నహీ థా? వీడు కాదని రాసుకోమంటవా?"

"కాదని గూడ చూడలే సాబ్."

మున్షీ కలం గాలిలో ఆగింది. ఏమి రాయాలన్నట్టు అమీన్ వైపు చూశాడు. అమీన్ విసుగుతో, ఇక తల్లినే అడుగుదామని మా అమ్మ వైపు తిరిగాడు. మా అమ్మకు అక్షరం రాదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది, బాపు వైపు చూసింది, తరువాత వాకిట్లో చేతులు కట్టి ఉన్నవాని వైపు చూసింది. "పొగల ఏం కనబడ్తది సాబ్" అన్నది. "వాడే అనుకున్న."

అనుకున్న అన్న ఆ మాటకు బాపు తల దించుకున్నాడు. కొన్నాళ్ళకు యాదగిరిని వదిలిపెట్టారు. వాము ఎవరు తగలబెట్టారో ఎవరూ తేల్చలేదు. "రేపటి సంది బండెక్కితే కాళ్ళిరగ్గొడ్త" అనేది వాంగ్మూలం రోజు రాత్రి బాపు నాతో అన్న ఆఖరు మాట; ఆ తరువాత చాలాకాలం అతడు నాతో మాట్లాడలేదు. మరునాడు పొద్దున బండి వచ్చినప్పుడు అమ్మ ఏమీ అనకుండా నా రొట్టెలు గుడ్డలో కట్టి, తలుపు గడియ తీసి, పక్కకు జరిగింది. నేను ఎక్కాను.

యాదగిరి అయినా సంతోషించాడా అంటే, అదీ లేదు. ఒకరోజు గల్లీ మలుపులో బండికి అడ్డం నిలబడి, "చూడలేదన్నవు గని చెయ్యలేదనలేదు గద అక్కా. ఇప్పటికీ అందరు నన్ను దొంగను చూసినట్టే చూస్తున్రు. ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు. "అది గూడ నేను చూడలే యాదగిరీ" అన్నాను. అతడు ఉమ్మి వెళ్ళిపోయాడు. ఈ సంగతి చెప్పినప్పుడు సుగుణమ్మ టీచరు నొసటి ముడుత విప్పి నవ్వడం నేను మొదటిసారి చూశాను. "మస్తు. ఇగ నీకు రెండు దిక్కుల దుష్మన్లే. ఫికర్ జెయ్యకు, ఇగ నువ్వు టీచరు పనికి పనికొస్తవు" అన్నారు.

ఆమెను తరువాత జిల్లాకు బదిలీ చేశారు. అక్కడే పోయారని ఆలస్యంగా తెలిసింది. నేను టీచరునయ్యాను, ఆపైన ప్రధానోపాధ్యాయినినీ అయ్యాను. నా బడిలో ఏ పిల్ల గురించీ మందబుద్ధి అని రాయనివ్వలేదు. రాసిన వాళ్ళను పిలిపించి, చూసింది ఏమిటో అది రాయించాను. కఠినురాలినని పేరు వచ్చింది. ఆ పేరు మీద నాకు ఫిర్యాదు లేదు.

మా బాపు చివరి జబ్బులో మంచం పక్కన నేనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం జావ తాగించి మూతి తుడుస్తుండగా నా చేయి పట్టుకున్నాడు. "బిడ్డా, ఇప్పుడెవ్వరు లేరు. అమీన్ లేడు, మున్షీ లేడు, యాదగిరిగాడు గూడ సచ్చిపోయిండు. ఇప్పుడన్న చెప్పు. వాడే గదా?" అన్నాడు. ఔనంటే ఆయన ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో నాకు తెలుసు. ఔననడానికి నా నోరు తెరుచుకున్నది కూడా.

"చూడలే బాపూ" అన్నాను.

ఆయన చేయి వదలకుండానే ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. "ఆ టీచరమ్మ పోయినా నిన్ను ఇడిసిపెట్టలే" అన్నాడు.

విడిచిపెట్టలేదు. నేనూ ఆమెను విడిచిపెట్టమని అడగలేదు.