గోదాం పైకప్పు మీద జహంగీర్ భాయ్ కోరిన మాట

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, మార్చి మొదటి వారంలో, నన్ను మేడ్చల్ దాటాక అత్వెల్లి దగ్గర కడుతున్న ఒక మందుల గోదాంకు లిఫ్టింగ్ ఇన్‌ఛార్జిగా వేశారు. మాది ఏసీలు అమర్చే కంపెనీ. నేను సీనియర్ సైట్ ఇంజనీరును. గోదాం పైకప్పు మీదికి మూడు ప్యాకేజ్డ్ యూనిట్లు ఎక్కించడం ఆ పని. కంప్రెసర్లు, కాయిల్స్, ఫ్యాన్లు అన్నీ ఒకే ఇనుప పెట్టెలో ఉండే యంత్రమది. ఎండాకాలం చల్లగాలి, చలికాలం వెచ్చగాలి ఇస్తుంది. ఒక్కొక్కటి టన్నున్నర బరువు.

క్రేనుకు టన్నున్నర పెద్ద బరువు కాదు. చిక్కంతా తూకంతోనే. కంప్రెసర్లు ఒక కొసన ఉంటాయి కనుక పెట్టెను సరిగ్గా నడుమ పట్టి లేపితే ఒరిగిపోతుంది. అందుకని నాలుగు మూలల బరువులు విడివిడిగా చూసుకుని, దాన్నిబట్టి స్లింగు బెల్టుల పొడవు నిర్ణయిస్తాం. బెల్టులు రేకును నొక్కేయకుండా పైన ఒక అడ్డదూలం కడతాం. క్రేను కాళ్ల కింద ఇనుప పలకలు పరుస్తాం. మొదట జానెడెత్తు లేపి ఆపుతాం. ఒరగడం లేదని తేలాకే పైకి. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెడతాం.

కింద ఉన్న క్రేను ఆపరేటరుకు పైకప్పు కనిపించదు. పిట్టగోడ దగ్గర నిలబడ్డ సిగ్నల్‌మన్ చెయ్యి చూసే అతను బరువును దించుతాడు. సిగ్నల్ ఇచ్చే మనిషి ఒక్కడే ఉండాలి. ‘ఆపు’ అన్నది మాత్రం ఎవరైనా చెప్పవచ్చు. సిగ్నల్‌మన్ దాన్ని చూసి ఆ క్షణమే కిందికి అందించాలి.

మా సిగ్నల్‌మన్ జహంగీర్ భాయ్‌ది శామీర్‌పేట పక్క ఊరు. యాభై దాటిన మనిషి. కాంట్రాక్టరు కింది కూలీయే అయినా పదకొండేళ్లుగా నేను ఎక్కించిన బరువులన్నీ ఆయన చేతి సైగతోనే లేచాయి. స్లింగును వేళ్ల మధ్య నుంచి లాగుతూ కంటికి కనపడని కోతను కూడా పట్టేసేవాడు. ఆయన ఉన్నాడంటే నాకు ధైర్యం.

ఆ రోజు మొదటి యూనిట్ సాఫీగానే పైకి వచ్చింది. పైకప్పు మీద దాని కోసం కర్బ్ అనే ఇనుప చట్రం బిగించి ఉంటుంది. చట్రానికీ యూనిట్‌కూ మధ్య నీళ్లు దిగకుండా రబ్బరు పట్టీ పరుస్తారు. యూనిట్ మూరెడు ఎత్తులో ఉండగా ఆ పట్టీ ఒకచోట జరిగింది. యూనిట్ ఊగకుండా తాడు పట్టుకుని జహంగీర్‌కు కుడివైపున నిలబడ్డ యాదగిరి అనే రిగ్గరు, అంటే బరువులు కట్టి దించే కూలీ, ‘ఆపు’ అని ఒక చెయ్యి ఎత్తి, రెండో చేత్తో పట్టీ సర్దబోయాడు. బరువు కింద చెయ్యి పెట్టడం నిషిద్ధం. అది అతనికీ తెలుసు. ఆగుతుందన్న నమ్మకంతో పెట్టాడు.

జహంగీర్ చెయ్యి మాత్రం ‘దించు, దించు’ అంటూనే ఉంది.

పైకప్పు మీదే కాస్త ఎడంగా ఉన్న నేను వాకీటాకీలో క్రేను ఆపరేటరుకు ‘ఆపు’ అని అరిచాను. యూనిట్ బెత్తెడెత్తులో ఆగింది. యాదగిరి చెయ్యి లాక్కున్నాడు. గ్లవ్ యూనిట్ కిందే ఉండిపోయింది.

“చెయ్యెత్తి ఎంతసేపాయె! జూస్తలేవా భాయ్?” అని యాదగిరి అరిచాడు. జహంగీర్ ఆ గొంతు వినపడ్డ దిక్కుకు తల పూర్తిగా తిప్పాడు. అలా తిప్పడం చూసి నాకు అనుమానం వచ్చింది. యూనిట్‌ను మళ్లీ పైకి లేపించి, పట్టీ సరిచేయించి, నేనే సిగ్నల్ ఇచ్చి దింపించాను. మిగతా పని ఆపి ఆయన్ను నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకెళ్లాను.

ఆయన దాచలేదు. “కుడిపక్క అగుపడ్తలేదు సార్. ఆర్నెల్లాయె. పొగ కమ్మినట్టుంటది. ముంగట అంతా సాఫ్‌గనే ఉంటది.”

గేటు పాసు కోసం ఏటా చేసే కంటి పరీక్షలో ఎదురుగా ఉన్న అక్షరాలు చదివిస్తారు. పక్కచూపు ఎవరూ పరీక్షించరు. అందుకే అందులో నెగ్గాడు.

“ఇంక రెండే ఉన్నయ్ సార్. అయి ఎక్కినంక నేనే బంద్ జేస్త. రాయకుండ్రి.”

రాయక తప్పదన్నాను. తప్పిన ప్రమాదాన్ని కూడా జరిగిన ప్రమాదంలాగే రాయాలన్నది మా నియమం.

ఆయన హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత, “మరి ఇంట్లనన్న చెప్పకుండ్రి. పరేషాన్ అయితరు. నేనే దవాఖానకు వోయి సూపిచ్చుకుంట,” అన్నాడు.

ఆ పెద్ద కోరికకు ఒప్పుకోలేదు కదా, ఈ చిన్నదానికైనా ఒప్పుకుందామనిపించింది. “సరే భాయ్,” అన్నాను.

రిపోర్టు నాలుగు ప్రతులు వెళ్లింది: మా ఆఫీసుకు, గోదాం వాళ్లకు, కాంట్రాక్టరుకు, గేటుకు. సాయంత్రానికి ఆయన పాసు తీసుకున్నారు. స్టోర్‌లో స్లింగులు పరీక్షించే పనైనా ఇవ్వమని మా మేనేజరును అడిగాను. చూపు లేనివాడికి పరీక్షించే పనేమిటన్నాడు. రెండోసారి అడగలేదు. మర్నాడు వేరే సిగ్నల్‌మన్ వచ్చాడు, మిగతా రెండు యూనిట్లూ ఎక్కాయి. ఒక్క దెబ్బ కూడా తగలకుండా పని ముగించినందుకు నాకు మెచ్చుకోలు లేఖ ఇచ్చారు.

ఎనిమిది నెలల తర్వాత యాదగిరి ఫోన్ చేశాడు. జహంగీర్ గాజులరామారంలో పాత యంత్రాలు కొని విప్పే ఒక షెడ్డులో చేరాడట. అక్కడ పాసులూ పరీక్షలూ లేవు. బరువును మోస్తూనే నడిచే హైడ్రా క్రేనుకు వేలాడుతున్న పాత ఏసీ యూనిట్ పక్కన నడుస్తూ దారి చూపుతుండగా అది కుడివైపు నుంచి ఊగి వచ్చి ఆయన్ను గోడకు అదిమింది. “సూడనే లేదంట సార్. పక్కకు జరగనన్న జరగలేదంట,” అన్నాడు యాదగిరి. ఆస్పత్రికి చేర్చేలోపే పోయాడు.

నాలుగో రోజు వాళ్లింటికి వెళ్లాను. భార్య మహబూబ్ బీ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. ఆయన గురించి మామూలుగానే మాట్లాడింది.

“ఈ నడుమ మస్తు కోపం జేసెటోడు సార్. చాయ్ గిలాస కుడిదిక్కు పెడితె చెయ్యి తగిలిచ్చి పారవోసెటోడు. నా మీద కోపమనుకున్న. నేను గూడ నాలుగు మాటలన్న.”

వినలేకపోయాను. “కోపం కాదమ్మా. ఆయనకు ఆ పక్క కనిపించేది కాదు,” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. “మీకెట్లెరుక?”

చెప్పాను. ఎప్పటి నుంచి తెలుసో కూడా చెప్పాను. ఆయన చెప్పవద్దన్నాడని చెప్పబోయి ఆగిపోయాను. అలా అంటే తప్పును చనిపోయిన మనిషి మీద నెట్టినట్టవుతుందనిపించింది.

“నాకొక్క మాట చెప్తె ఆ పనికి పోనిస్తుంటినా సార్?” అంది. గొంతు పెంచలేదు. లేచి లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు. కాసేపు చూసి వచ్చేశాను.

తర్వాత ఒక కంటి డాక్టరును అడిగాను. లక్షణాలు విని, అది కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బయి ఉంటుందన్నాడు. పోయిన చూపు రాదు కానీ, రోజూ చుక్కలు వేసుకుంటే ఉన్న చూపు చాలావరకు నిలిచేదన్నాడు. జహంగీర్ ఏ దవాఖానకూ వెళ్లలేదని అప్పటికే తెలుసుకున్నాను.

ఆ రోజు ఆయన కోరిన రెండింటిలో నేను కాదన్నది సరైనదే. ఇప్పుడైనా అలాగే రాస్తాను. దయ అనుకుని ఒప్పుకున్నది తప్పు. మనిషికి ఉన్న ముప్పు తెలిసినప్పుడు అతన్ని నిజంగా ఆపగలిగినవాళ్లకు చెప్పాలి. నేను కాగితాలకు చెప్పాను, ఇంటికి చెప్పలేదు. నా రిపోర్టు మా గేటు లోపలి వరకే పనిచేసింది.

ఆ తర్వాత ఉన్న రెండేళ్ల ఉద్యోగంలో ఆరోగ్య కారణాల మీద మరో ఇద్దరిని పని నుంచి తప్పించాల్సి వచ్చింది. ఇద్దరూ ఇంట్లో చెప్పవద్దని బతిమాలారు. రెండుసార్లూ అదే రోజు వాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పాను. ఆ ఇద్దరూ మళ్లీ నాతో మాట్లాడలేదు.