అక్క వేసిన పోపు

మా అక్క కూతురు వీగన్. మాంసం సంగతి సరే, పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా ముట్టదు. అశోక్ నగర్‌లో హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుకుంటోంది. పోయిన వేసవిలో అంబర్‌పేట్‌లో వాళ్లింటికి వెళ్తే, కొబ్బరిపాలతో చేశానని అబద్ధం చెప్పి మా అక్క దానికి మామూలు సేమ్యా పాయసం పెట్టింది. తిన్నాక సంగతి బయటపడింది. పిల్ల సగంలోనే లేచిపోయింది. అప్పటినుంచి తల్లి వండింది ఏదీ ముట్టలేదు. ఇంటికి వెళ్లినా మంచినీళ్లు తాగి వచ్చేసేది.

ఇద్దరికీ సర్దిచెప్పలేక నాకు విసుగొచ్చేసింది. ఈ సెలవుల్లో చిక్కడపల్లిలో మా డాబా మీదే ఓ సాయంత్రం వంట పెట్టి అందరినీ పిలుద్దామనుకున్నాను. దానికి ఫోన్ చేస్తే, "నీ కోసం వస్త చిన్నమ్మా. మల్ల గట్లనే చేస్తే మాత్రం ఇగ నన్ను పిలవకుండ్రి" అంది.

మా ఆయనకు బొగ్గుల మీద చికెన్ లేనిదే సెలవులు సెలవుల్లా ఉండవు. ఆయనకు డాబా అవతలి మూలన వేరే పొయ్యి, వేరే గరిటెలు ఇచ్చి, ఇటు అడుగు పెడితే ఊరుకోనన్నాను.

"మరి పిల్లకు పనీర్ కాలుద్దామా? వెజ్జే కదా" అన్నాడు.

పాలు విరిగితేనే పనీర్ అవుతుందని ఆ మహానుభావుడికి ఎక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నారాయణగూడ మార్కెట్ నుంచి లేత వంకాయలు తెచ్చి, పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరి బగారా బైంగన్ చేశాను. కాల్చే ఆలుగడ్డలకు పెరుగు బదులు పల్లీల ముద్ద, నిమ్మరసం పట్టించాను. మామిడికాయ పప్పుకు పోపొక్కటే మిగిలింది.

అప్పుడే అక్క వచ్చింది. ఖాళీగా కూర్చోవడం దానివల్ల కాదు. నేను చాపలు పరిచి వచ్చేసరికి పప్పు చుయ్యిమంది, వెంటనే వాసన తగిలింది. చిన్నపిల్లల అన్నంలోకని పక్కన పెట్టిన నెయ్యితో పోపు వేసేసింది. మా ఇళ్లలో పప్పంటే నెయ్యి పోపే. చెయ్యి దానంతటదే పోతుంది. అక్క ముఖం పాలిపోయింది. పిల్ల అప్పటికే మెట్లెక్కి వస్తోంది. దానికి చెప్పకే అని అక్క అంటుందేమోనని చూశాను. ఆ మాటే వస్తే గరిటెతో ఒకటి వేసేదాన్ని.

అక్క గిన్నె మీద మూత పెట్టి కూతురికి ఎదురు వెళ్లింది.

"బిడ్డా, పప్పు తినకు. అలవాటుల నెయ్యి పోపేసిన. మీ చిన్నమ్మది ఏం తప్పులేదు, నేనే."

పిల్ల పై మెట్టు మీదే ఆగింది. అయిపోయింది, మెట్లు దిగి వెళ్లిపోతుందనుకున్నాను.

"ఇంకేదాంట్ల లేదు కదా?" అని అడిగింది చివరికి.

"లేదు. ఇంకేది ముట్టలే."

పిల్ల చెప్పులు విడిచి వచ్చి చాప మీద కూర్చుంది. హమ్మయ్య అనుకున్నాను. వంకాయ రెండుసార్లు వడ్డించుకుంది. తింటూ తింటూ, తలెత్తకుండానే తల్లితో అంది.

"ఆదివారం ఇంటికొస్త. పల్లినూనెతోని పప్పు చెయ్యి."

"పక్కన నిలబడి చూస్కో బిడ్డా, నేనేమేస్తున్ననో."

"ఎందుకు? ఏమన్న పడితే నువ్వే చెప్తవు కదా."

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నా కళ్లల్లో నీళ్లు పొగ వల్లేనని బుకాయించే ప్రయత్నం కూడా చేయలేదు, అందరిముందూ హాయిగా ఏడ్చేశాను.