కొమురయ్య సరిచేసిన చారలు

1976లో నేను వరంగల్‌లోని ఒక చేనేత సహకార సంఘంలో డిజైన్ అసిస్టెంట్‌ని. మా సంఘం దరీలు, అంటే నేల మీద పరిచే జంపఖానాలు నేయించేది. కొత్త నమూనాను గళ్ల కాగితం మీద గీసి నేతగాడికి ఇవ్వడం నా పని. ఆ కాగితాన్ని గ్రాఫ్ అంటాం. ఒక్కో గడికి ఇన్ని పోగులని లెక్క ఉంటుంది.

ఆ ఏడు బొంబాయి ఎగుమతి కంపెనీ ఒకటి ఆప్ ఆర్ట్ పద్ధతిలో ఒక శాంపిల్ అడిగింది. నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తామంది. హనుమకొండ లైబ్రరీలో పాత కళాపత్రికలు తిరగేసే అలవాటు ఉండడంతో ఆ పేరు నాకు తెలుసు. అరవైలలో పడమటి దేశాల్లో రెండు ధోరణులు పక్కపక్కనే వచ్చాయి. పాప్ ఆర్ట్ బజారులోని వస్తువులన్నిటినీ బొమ్మలోకి తెచ్చింది. ఆప్ ఆర్ట్ బొమ్మలోంచి అన్నిటినీ తీసేసి గీతను, చూసే కన్నును మాత్రం మిగిల్చింది. నలుపు తెలుపు గీతల మందం కొద్దికొద్దిగా మారుతూ పోతే చదునైన కాగితం ఉబ్బినట్టు, కుంగినట్టు కనిపిస్తుంది. కొందరు విమర్శకులు దాన్ని కనికట్టు అని తీసిపారేశారు. అక్కడ దాని వేడి చల్లారాక మాకు ఆర్డరుగా వచ్చింది.

ఆ పని సమ్మయ్యకు ఇచ్చాను. పాతికేళ్లవాడు. బావతో కలిసి బొంబాయి దగ్గరి భీవండి మరమగ్గాలకు పోవడానికి మూట కట్టుకుని కూడా ఈ శాంపిల్ కోసం ఆగాడు. ఇది పాసైతే ఊళ్లోనే బతుకుతాడు, లేకపోతే పోతాడు.

పత్రికలో బొమ్మ చూపించగానే తల వెనక్కి తీసుకున్నాడు.

"జర దూరం పెట్టుర్రి సారూ. కల్లు తాగకుంటనే నిషా ఎక్కుతాంది."

"నేయగలవా?"

"నేస్త. కని మా బాపు జూస్తే నన్ను మగ్గం మీదికెల్లి గుంజుతడు."

దరీ మగ్గం మీద నేసిన భాగం ఎప్పటికప్పుడు కింది కర్రకు చుట్టుకుపోతుంది. నేసేవాడికి ఎదురుగా జానెడు మాత్రమే కనిపిస్తుంది. కోసి పరిచేదాకా మొత్తం ఎలా ఉందో ఎవరికీ తెలియదు. మామూలు నమూనాకు ఇది ఇబ్బంది కాదు. చారలన్నీ సమానంగా రావడమే మంచి నేత. సమ్మయ్య తండ్రి కొమురయ్య ఆ సమానత్వానికి పేరుపడ్డ మనిషి. ఆయనకు గ్రాఫ్ చూడడం రాదు, అవసరమూ పడలేదు.

ఒకరోజు నేను అక్కడ ఉండగానే ఆయన కొడుకు వెనక నిలబడి వంగి చూశాడు.

"ఏందిర ఇది? ఒక పట్టె లావు, ఒక పట్టె సన్నం. చేతులకు వాతమొచ్చిందా?"

"నీకు తెల్వది తియ్యి బాపూ," అన్నాడు సమ్మయ్య, తల తిప్పకుండానే.

"అవ్, నాకేం తెల్సు. నిన్నగాక మొన్న మగ్గమెక్కిన!" అంటూ ఆయన బయటికి పోయాడు. మేమిద్దరం నవ్వుకున్నాం.

సగం నేశాక సమ్మయ్యకు కామెర్లు వచ్చాయి. దవాఖానలో చేర్చారు. నేను గడువు పెంచమని కంపెనీకి రాసి, మగ్గం ఆగే ఉందనుకున్నాను. పెంచడం కుదరదని జవాబు వచ్చింది. ఏం చేయాలో తోచక ఉండగా కొమురయ్య దరీని భుజాన వేసుకుని ఆఫీసుకు వచ్చాడు.

"కోసుకొచ్చిన సారూ. పిలగాని మాట పోవద్దని నేనే కూసున్న."

వరండాలో పరిచాం. మొదటి సగం కదులుతోంది. నేల కుంగి, మళ్లీ లేచి, ఇంకోచోట కుంగుతోంది. అంత బాగా వస్తుందని నేనూ అనుకోలేదు. ఆ తర్వాత ఒకచోట కదలిక ఆగిపోయింది. అక్కణ్నుంచి చివరిదాకా అన్నీ ఒకే మందం చారలు. వాటిలో వెతికినా లోపం లేదు.

కొమురయ్య వంగి ఆ హద్దు మీద వేలు పెట్టాడు.

"ఈడికెల్లి నాది. అంతకుముందు పోరడు లెక్క తప్పిండు. ఇప్పి మళ్ల నేద్దామంటే దినాలు లేవాయె. రోగం లోపట పెట్టుకొని నేసిండు సారూ, జర పెద్దమనసు చేసుకోమని కంపెనోళ్లకు రాయుర్రి."

రాస్తానన్నాను. సమ్మయ్య దవాఖాన నుంచి వచ్చాక ఆ దరీని చూశాడు. పక్కన తండ్రి నిలబడి ఉన్నాడు. "మంచిగొచ్చింది బాపూ," అన్నాడు.

శాంపిల్ పంపాం. రిజెక్ట్ అయి తిరిగొచ్చింది. కొమురయ్యకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

"నేను చెప్పలే? ఆ మొదటి సగం జూసే వద్దన్నరు."

"అవ్ బాపూ. నాదే తప్పు," అన్నాడు సమ్మయ్య.

ఆ నెలలోనే కాజీపేటలో బండెక్కాడు. భీవండిలో మరమగ్గం మీద తెల్ల గుడ్డ తప్ప ఇంకేమీ నేయలేదని తర్వాత వాళ్ల బావ చెప్పాడు. 1983లో ఊపిరితిత్తుల జబ్బుతో అక్కడే పోయాడు.

కర్మకాండలు అయ్యాక కొమురయ్య నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"గప్పుడు వాడు లెక్క తప్పకపోతే ఈడనే ఉండెటోడు గద సారూ?"

"అవును కాకా," అన్నాను.

లేని తప్పును చనిపోయినవాడి మీద వేశాను. బతికుండగా అతను తానే వేసుకున్నాడు కనుక తీసేసే హక్కు నాకు లేదనిపించింది.

ఆప్ ఆర్ట్ చూసేవాడి కంటిలో పూర్తవుతుందని పుస్తకాల్లో రాస్తారు. నాకు తెలిసిన ఒక్క ఆప్ ఆర్ట్ దరీని మొదట చూడాల్సిన కన్ను కొమురయ్యది. ఆయనకు మేము చూపించలేదు. కావాలని చేసినదానికీ, పొరపాటుకీ తేడా బట్ట మీద తెలియదు. మనిషి నోటితో చెప్పాలి. ఆ తర్వాత ఏ ఇంటికి గ్రాఫ్ తీసుకెళ్లినా మగ్గం ఎక్కగలిగిన వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పేవాణ్ని. అందరికీ చెప్పాను. కొమురయ్యకు మాత్రం చెప్పలేదు.