రోడ్డు వైపు ముఖం పెట్టిన కారు

ఎనభైల చివర్లో, విదేశంలో మేమున్న క్వేకర్స్ హిల్‌లో మా ఇంటి తపాలా డబ్బా రెండుసార్లు నేలకొరిగింది. గాలివాన వల్ల కాదు, మా చర్చి అక్క వల్ల. ఆవిడ ఎవరింటికి వెళ్ళినా కారును వెనక్కి నడిపే లోపల పెట్టేది, ముఖం రోడ్డు వైపు ఉండాలని.

తెనాలి మనిషి. ఇక్కడ ఎమర్జెన్సీ అంబులెన్సులో నర్సు. ఫోను మోగగానే బయల్దేరాలి గనక అక్కడ బండ్లన్నీ అలాగే నిలబెడతారు. అక్క ఆ పద్ధతిని విందు భోజనాలకు కూడా వర్తింపజేసింది. గుమ్మం పక్కనే కూర్చునేది, బూట్లు విప్పేది కాదు.

ఒక పసిబిడ్డ దారిలోనే చనిపోయాక ఆవిడకు నిద్ర దూరమైంది. డాక్టరు ఆరు వారాలు సెలవు రాశాడు. ఈలోగా కుదుటపడకపోతే అంబులెన్సు నుంచి తప్పిస్తామన్నారట. కుదురుగా కూర్చోవడమే మందు. దానికన్నా సూది మేలని అక్క అభిప్రాయం.

ఆ సెలవులోనే ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి పిలిచాం.

"సెలవేగా అక్కా, ఆ బూట్లు విప్పరాదూ?" అన్నాను.

"విప్పుతాలేరా, ముందు పులుసు పొయ్యి."

అంతలో మా ఫోను మోగింది. వచ్చే వారం చర్చిలో కుర్చీలు ఎవరు సర్దుతారని పాస్టరుగారు అడుగుతున్నారు. జవాబు చెప్పి తిరిగేసరికి గుమ్మం పక్క కుర్చీ ఖాళీ. బయట కారు ఇంజను నడుస్తోంది. అక్క స్టీరింగు పట్టుకుని ఉంది, చేతికి చేపల పులుసుతో సహా.

ఆవిడ పదేళ్ళ కూతురు నింపాదిగా వెళ్ళి కారు తలుపు తీసింది.

"మమ్, అది వీళ్ళ ఫోన్. నిన్నెవరూ పిలవలేదు."