పదేళ్ల దారి, రోజుకు పది నిమిషాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెబుతాను. నాకు దక్కింది మధ్యాహ్నం రెండు గంటల క్లాసు. హాస్టల్లో సాంబారన్నం తిని వచ్చినవాళ్లకు నా గొంతు జోలపాటగా బాగా పనికొస్తుంది. ఒకరోజు డైరెక్టరు తలలు లెక్కపెట్టి, "సగం బెంచీలు ఖాళీ అండీ మాస్టారూ. ఇలాగైతే మీ అవర్ కరెంట్ అఫైర్స్ ఆయనకి ఇచ్చేస్తానండీ" అన్నాడు. గోదావరి మనిషి, బెదిరింపులోనూ రెండు 'అండీ'లు.

అందుకని క్లాసు చివరి పది నిమిషాలు గ్రీకు పురాణం అందుకున్నాను. యుద్ధం గెలిచి, ఇల్లు చేరడానికి పదేళ్లు పట్టిన రాజు కథ. ఒంటికన్ను రాక్షసుడి గుహలో ఆపాను. మర్నాడు బెంచీలు నిండాయి. రోజూ ఎల్‌బీ నగర్ ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లకు ఇల్లు చేరలేని మనిషి పరాయివాడెలా అవుతాడు?

"సార్, గిది ప్రిలిమ్స్‌కా, మెయిన్స్‌కా?" అని వెనక బెంచీ అడిగింది. రెండింటికీ కాదన్నాను. అయినా రాసుకున్నారు. వారంలో జిరాక్స్ షాపులో 'వెరీ ఇంపార్టెంట్' పేరుతో స్పైరల్ బైండింగ్ వచ్చేసింది.

కథ ముగిస్తే అవర్ పోతుంది. ఆ రాజు భార్య మారుమనువు వాయిదా వేయడానికి పగలు నేసిన బట్ట రాత్రి విప్పేసేదట. నేనూ సోమవారం ఒడ్డెక్కించిన రాజును మంగళవారం మళ్లీ సముద్రంలోకి తోసేవాణ్ణి.

ఓ గురువారం, నాలుగోసారి పరీక్ష పోయిన అమ్మాయి స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది.

"సార్, శనివారం హాస్టల్ ఖాళీ చేస్తున్న. ఇగ ఊరికి పోత. గా రాజును జర ఇంటికి తోలుండ్రి."

"ఇంకా మూడు దీవులున్నాయమ్మా."

"ఉన్నయా, మీరు పెడ్తున్నరా?"

శనివారం చేర్చేశాను. బిచ్చగాడి వేషంలో వచ్చిన రాజును ఎవరూ గుర్తుపట్టలేదు. ఒకప్పుడు ఆయన పెంచిన కుక్క, పెంటకుప్ప మీద పడి ఉన్న ముసలిది, మాత్రం తోక ఊపి ప్రాణం విడిచింది.

"ఉత్త చేతుల్తోనే పోయిండా సార్?" అందా అమ్మాయి.

"గుమ్మంలోకి అలాగే వెళ్లాడమ్మా."

తల ఊపి, పుస్తకం సంచిలో పెట్టుకుంది.

సోమవారం సగం బెంచీలు ఖాళీ. వారం తిరక్కుండా అవర్ కరెంట్ అఫైర్స్‌కు వెళ్లిపోయింది. ఇప్పుడు రెండింటికే బస్సెక్కి, మూడింటికల్లా వనస్థలిపురం చేరుతున్నాను. మా వీధి కుక్క ఇంకా నన్ను చూసి మొరుగుతూనే ఉంది.